చిలకపుట్టుగ మంచినీళ్ళు

పరిశోధన అనే మాటలో ‘పరి’ రిజిస్ట్రేషన్ రోజునే ఊడిపోతుంది. ఆ తరవాత మిగిలేదంతా శోధనే. స్కాలరుకి సగం, గైడుకి సగం.

నేను గైడుని. పేరు నీలకంఠం. ఈ పేరు పెట్టిననాడే మా నాన్నకి తెలిసుండాలి, లోకంలో ఎవరు ఏ గరళం కలిపినా తిన్నగా తెచ్చి వీడి గొంతులోనే పోస్తారని. టెక్కలి దాటాక హైవే పక్కన జీడితోటల మధ్య కట్టిన యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ని. నా కింద నలుగురు పీహెచ్‌డీ స్కాలర్లు. ‘కింద’ అన్నది కాగితాల్లో మాట. వాస్తవానికి నలుగురూ నెత్తిమీదే ఉన్నారు.

వాళ్ళలో ఢిల్లేశ్వరరావు అనేవాడు ఏడేళ్ళుగా మొదటి అధ్యాయం రాస్తున్నాడు. పలాసలో రైలెక్కితే రెండో రోజుకి ఢిల్లీ వచ్చేస్తుంది గానీ మా ఢిల్లేశ్వరరావుకి రెండో అధ్యాయం ఎప్పుడొస్తుందో రైల్వే వాళ్ళు కూడా చెప్పలేరు. ఇంకొకడు ఫోను ఎత్తడు. మరొకడు ఎత్తితే పెట్టడు. వీళ్ళ ముగ్గురికీ నేనెప్పుడో నీళ్ళు వదిలేశాను.

నాలుగో స్కాలరు బిందుమాధవి. ఆమె పరిశోధనే నీళ్ళ మీద కాబట్టి అలా వదలడానికి వీల్లేదు.

బిందుమాధవిది టెక్కలి. అక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతూ నా దగ్గర పార్ట్‌టైముగా చేరింది. చేరి ఆరేళ్ళయింది. మధ్యలో వైవాహికం వచ్చింది, వైవా రాలేదు. బాబు పుట్టాడు, మాటలు నేర్చాడు, నర్సరీలో చేరాడు. థీసిస్ మాత్రం ఇంకా కడుపులోనే ఉంది. రెండుసార్లు గడువు పొడిగించారు. ఎక్స్‌టెన్షన్ అంటే మరేమీ కాదు, ఎక్స్‌ట్రా టెన్షన్. మూడోసారి పొడిగించడం అనేది రూళ్ళలోనే లేదు. జూన్ ముప్పై సాయంత్రం అయిదు గంటల లోపల థీసిస్ రీసెర్చ్ సెక్షన్ బల్ల మీద పడకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఆరేళ్ళ చాకిరీ గంగపాలు. మా ప్రాంతం లెక్కన చెప్పాలంటే వంశధార పాలు.

ఇది నేను మర్చిపోతానేమోనని రీసెర్చ్ సెక్షన్ సూపరింటెండెంటు సీతారత్నం గారు వారానికోసారి ఫోను చేస్తారు.

“సార్, మీ అమ్మాయి గారిది వచ్చిందేటండీ?”

“వస్తుందండీ, ఒక్క నాలుగో అధ్యాయమే ఆగింది.”

“అధ్యాయం ఆగుతాది గాని సార్, తారీకు ఆగదండి.”

జూన్ మూడో తారీకున బిందుమాధవి నా గదికి వచ్చింది. చేతిలో నాలుగో అధ్యాయం లేదు. ఒకే ఒక్క కాగితం ఉంది. నాకు అక్కడే మండింది.

“ఏమ్మా, థీసిస్ తీసిస్తావా, లేక నన్నే తీసేస్తావా?”

ఆరేళ్ళుగా ఈ ముక్క వింటోంది కాబట్టి నవ్వలేదు. నీళ్ళు నమిలింది. ఆరేళ్ళు నీళ్ళ మీద పని చేసిన మనిషి నమిలితే ఎంతసేపు నమలగలదో ఆ రోజు తెలిసింది.

“సార్, అదేటంటే... ఒకసారి చిలకపుట్టుగ వెళ్ళాలి సార్.”

“ఇంక ఇరవై ఏడు రోజులే ఉంది. ఇప్పుడు ఊళ్ళు తిరుగుతావా? ఎందుకు?”

“మీరూ రావాలి సార్.”

ఆమె పని ఏమిటో ఇక్కడ చెప్పాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎందుకొస్తుందో డాక్టర్లు చూసుకుంటారు. అది మా పని కాదు. మా పని ఇంజనీరింగు. చిలకపుట్టుగతో సహా అక్కడి అయిదు ఊళ్ళలో అరవై బోర్ల నీళ్ళు నెలనెలా పట్టి, ల్యాబులో పరీక్షించి, నీళ్ళలో ఏది ఎంతుందో, కాలాన్నిబట్టి ఎలా మారుతుందో తేల్చడం. దాన్నిబట్టి ఏ ఊరికి ఎలాంటి వడపోత పరికరం బిగించాలో ఒక పట్టిక వెయ్యడం. ఆ పట్టికే నాలుగో అధ్యాయం. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు ఆ పట్టిక రాగానే దాని ప్రకారం ఇంటింటికీ వడపోతలు పెడతామని రెండుసార్లు ఉత్తరం కూడా రాశారు.

బిందుమాధవి కాగితం నా ముందు పెట్టింది. నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతున్నాయో చెప్పే టీడీఎస్ అంకెల గ్రాఫు. నాలుగు ఊళ్ళ గీతలు ఎండాకాలంలో పైకి లేచి, వానల్లో కిందికి దిగి, పాముల్లా మెలికలు తిరుగుతున్నాయి. చిలకపుట్టుగ గీతలు పన్నెండూ అడుగున ఒకదానిమీద ఒకటి పడుకుని ఉన్నాయి. పద్దెనిమిది నెలలు కదల్లేదు.

“పన్నెండు బోర్లు సార్. ఎప్పుడు చూసినా యాభై అయిదుకీ డెబ్భైకీ మధ్యే. మే నెలలోనూ అంతే, తుపాను నెలలోనూ అంతే.”

“అదే కదమ్మా మన గొప్ప!” అన్నాను. “చిలకపుట్టుగ కాబట్టి చిలకపలుకులా ఒకే మాట చెబుతోంది.”

ఈ గొప్ప నాది. నిరుడు మొదటి తొమ్మిది నెలల అంకెలు చూసి నేను ఎగిరి గంతేశాను. సముద్రం పక్క ఇసకనేలల్లో, ఉప్పునీటి పైన, వాననీరు ఒక పొరలా తేలుతూ నిలవడం కద్దు. చిలకపుట్టుగ కింద అలాంటి అద్భుతమైన మంచినీటి పొర ఉందని పేపరు రాశాను. పేపర్లో నా పేరు ముందు, ఆమె పేరు తరవాత. చాకిరీ ఆమెది, చాకచక్యం నాది. ఒక ఆగస్టు బాటిల్లో ఏదో సేంద్రియ పదార్థం ఆనవాలు కనిపిస్తే, దాని మీద ఒకటిన్నర పేజీ సిద్ధాంతం లేవదీశాను. తీరప్రాంతపు పురాతన వృక్షశేషాలని తేల్చాను. సెమినార్లో చప్పట్లు కొట్టారు.

థీసిస్ సమర్పించాలంటే అచ్చయిన పేపర్లు రెండు ఉండాలని రూలు. ఆమెకున్న రెండింట్లో ఇది రెండోది.

“నేను బోర్లు చాలా చూశాను సార్,” అంది బిందుమాధవి. “బోరు నీళ్ళు ఇంత బుద్ధిగా ఉండవు సార్.”

“నా స్కాలర్లకి లేని బుద్ధి బోర్లకైనా ఉండనీ తల్లీ!”

దానికీ నవ్వలేదు. ఆదివారం పొద్దున్నే వెళ్దామన్నాను. ఒప్పుకున్నది అనుమానంతో కాదు, ఆమె అనుమానం తీరితే అధ్యాయం రాస్తుందన్న ఆశతో.

ఆదివారం నా కారులో బయల్దేరాం. కాశీబుగ్గ దగ్గర గాలి నిండా జీడిపిక్కలు కాలుస్తున్న వాసన. జీడిపప్పు పలాసలో దొరుకుతుంది, జీడిపాకం కావాలంటే నా స్కాలర్ల దగ్గరకి రావాలి అన్నాను. ఆమె కిటికీలోంచి చూస్తోంది. కంచిలి దగ్గర హైవే దిగి కవిటి వైపు తిరిగాక దారి ఎటో నాకు తెలియలేదు.

“ఎడమకి సార్. ఆ కొబ్బరితోటలోంచి.”

“ఈ రోడ్డు కొత్తగా వేశారా?”

“లేదు సార్. మీరే ఎప్పుడూ రాలేదు.”

మామూలుగానే అంది. నేను గేరు మార్చాను.

చిలకపుట్టుగలో రోడ్డు కంటే నీడ ఎక్కువ. ఇసక దారి, రెండు పక్కలా కొబ్బరిచెట్లు, మధ్యమధ్య పనస. ఒక ఇంటి ముందు అరవై దాటిన ముసలావిడ కూర్చుని కొబ్బరి కమ్మలు అల్లుతోంది. ఆవిడ వెనక అరుగు మీద మా ల్యాబు బాటిళ్ళు వరసగా నిండుగా మూతలు బిగించి ఉన్నాయి. ఒకటి, రెండు... పదకొండు. ఇంకోసారి నీళ్ళు పట్టి ఉంచమని బిందుమాధవి ముందే ఫోను చేసిందట.

“ఓలమ్మ, బిందమ్మొచ్చినాది!” ముసలావిడ లేచింది. “ఈ బాబెవులమ్మా?”

“మా సార్, అమ్మమ్మా. నా పుస్తకం చూసే పెద్దసారు.” నావైపు తిరిగి, “బొడ్డమ్మ గారు సార్. పన్నెండిళ్ళ బాటిళ్ళూ ఇక్కడికే చేర్చి పెడతారు,” అంది.

బొడ్డమ్మ నన్ను కిందినుంచి పైకి చూసింది.

“ఈరేనా? ఆరేల్ల నుంచి నీ పుస్తకం అవ్వనివ్వంది?”

“నేనా అవ్వనివ్వనిది!” అన్నాను.

“మరెవులు బాబూ? గుంట ఎలా సిక్కిపోనాదో సూడండి. మా మనవడు పదో తరగతి ఒక్క ఏడాదిలో అయిపోగొట్టీసినాడు.”

బిందుమాధవి ఆ రోజు మొదటిసారి నవ్వింది.

కొబ్బరిబోండాలు కొట్టించి ఇచ్చారు. తాగాక బిందుమాధవి లెక్క చూసి, “అమ్మమ్మా, ఒకటి తక్కువుంది,” అంది.

“నాదేనమ్మా. పొద్దున్నుంచి పనిలో మరిసిపోనాను. ఉండు, సిటంలో తెస్తాను.”

బాటిలు పట్టుకుని లేచింది. పెరట్లో బోరు మా ఎదురుగానే ఉంది, పది అడుగుల్లో. బొడ్డమ్మ దాన్ని దాటింది. దాని చుట్టూ తిరిగి వంటింట్లోకి వెళ్ళింది. నేనూ బిందుమాధవీ ఒకేసారి లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాం.

లోపల స్టూలు మీద నీలం రంగు నీళ్ళ క్యాను ఉంది. పైన పళ్ళెం మూత. బొడ్డమ్మ స్టీలు చెంబు తోమి, కడిగి, క్యానులోంచి నీళ్ళు వంపి, తెల్లటి గుడ్డతో వడకట్టి మరీ మా బాటిల్లో పోస్తోంది. పూజకి పోస్తున్నంత శ్రద్ధగా.

“అమ్మా,” అన్నాను, “బోరు బయటుంటే లోపలికెందుకు వెళ్ళారు?”

“నీల కోసం బాబూ.”

“బోర్లో నీళ్ళు రావట్లేదా?”

“ఎందుకు రావు? మోటరెయ్యగానే గుప్పున వత్తాయి. ఆ నీలు మీకెలాగిత్తాం?”

“మాకు ఆ నీళ్ళే కావాలి!”

బొడ్డమ్మ నన్ను జాలిగా చూసింది. “బాబూ, ఇంటికొచ్చిన సుట్టం నీలడిగితే ఉప్పటి బోరు నీలు పోసి ఇత్తావేటి? ఈ గుంట ఎండలో టెక్కలి నుంచొచ్చి, ‘అమ్మమ్మా, బాటిల్లో కాసిన్ని నీలియ్యవా’ అని అడిగినాది. మొదటి నెల్లోనే మా పన్నెండిల్లోలం అనుకున్నాం. ఇత్తే మంచియ్యే ఇవ్వాలని.”

“తాగడానికి కాదమ్మా, పరీక్షకి!”

“పరీచ్చకైతే మరీ మంచియ్యి ఇవ్వాల కదా బాబూ. మీ పిల్లల్ని పరీచ్చకి మాసిన గుడ్డల్తో పంపుతారేటి?”

ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో నా నోరు మూయించిన వాదన అది ఒక్కటే.

బిందుమాధవి గోడకి ఆనుకుంది. “అమ్మమ్మా, కాగితం మీద పెద్దక్షరాలతో బోరు నీళ్ళు అని రాసిచ్చాను కదా.”

“రాసిచ్చినావు. మా మనవడు సదివినాడు కూడాను. నువ్వు మొగమాటానికి అలా రాసినావనుకున్నాం. మంచినీలియ్యండి అని ఎవులైనా నోరిడిచి అడుగుతారేటి?”

మా గొంతులు విని పక్కింటావిడ వచ్చింది. సన్యాసమ్మ అట.

“ఏటైనాది బొడ్డమ్మప్పా?”

“ఈలకి బోరు నీలే కావాలంట.”

“బోరు నీలా!” సన్యాసమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. “నానైతే నెలనెలా కాసి, సల్లార్చి పోసినానమ్మా. ఒకసారి జీలకర్ర కూడా ఏసినాను. దూరం ఎల్తాయి కదా, పాడవకుండా ఉంటాయని.”

“ఎప్పుడు?” అన్నాను.

“నిరుడు. ఆ వానల్లో. ఆగస్టో ఏటో.”

తీరప్రాంతపు పురాతన వృక్షశేషాలు. ఒకటిన్నర పేజీ. చప్పట్లు.

నేను అరుగు మీద కూలబడ్డాను. మిగతా నాలుగు ఊళ్ళలో ఉన్నవి వీధి బోర్లు. బిందుమాధవి తనే కొట్టి, తనే పట్టుకుంది. ఇక్కడ మాత్రం పెరట్లో బోర్లు, పన్నెండు ఇళ్ళు, పనులకి పోయే మనుషులు. అందుకని బాటిళ్ళు ఇచ్చి, ఆదివారం వచ్చి తీసుకుపోయేది. సొంత మనిషిలా చూసిన ఊరు గనకే నమ్మింది. వాళ్ళు సొంత మనిషిలా చూశారు గనకే మోసపోయింది. మోసం అనే మాట కూడా తప్పు. ‘మర్యాదపోయింది’ అనాలి.

“ఆ క్యాను రోజూ తాగుతారా అమ్మా మీరు?” అడిగాను.

“మేవెందుకు తాగుతాం? మా పెద్దోడు రమణకే. వారానికి రెండుసార్లు పలాస ఎల్తాడు, డయాలసిస్‌కి. ఆడికీ, సుట్టాలకీ క్యాను. మేవంతా బోరే.”

ఆవిడ అది చాలా మామూలుగా చెప్పి, నింపిన బాటిలు తెచ్చి పన్నెండోదిగా వరసలో పెట్టింది.

తిరుగు దారిలో కంచిలి దగ్గర హైవే ఎక్కాం. తరవాత నేను అరిచాను. గైడుకి దుఃఖం వచ్చినా, భయం వచ్చినా, సిగ్గు వచ్చినా బయటికి వచ్చేది అరుపే.

“పట్టేటప్పుడు పక్కన నిలబడాలని తెలీదా? ఇంత చదివి, ఇంత చేసి, ఇదా!”

“ఒక్క ఆదివారంలో అయిదూళ్ళు సార్. ఒక్కదాన్నే. ఫీల్డుకి ఇంకో మనిషి కావాలని మీకు మూడుసార్లు మెయిలు పెట్టాను.”

“నేనేమన్నాను?”

“మొదటిసారి ‘చూద్దాం’ అన్నారు సార్. రెండోసారి జవాబు లేదు. మూడోసారి ‘నీళ్ళకి మనుషులెందుకు, నీళ్ళే మనుషులకి గానీ’ అని రాశారు.”

అది రాసినప్పుడు నాకు చాలా బాగుందనిపించింది. ఇద్దరు కొలీగులకి ఫార్వర్డు కూడా చేశాను.

కాశీబుగ్గలో టీ కోసం ఆగాం. గ్లాసు చేతిలో పట్టుకుని నేను లెక్క వేశాను. పేపరు వెనక్కి తీసుకుంటే ఆమెకి రెండో పేపరు లేదు. రెండో పేపరు లేకపోతే జూన్ ముప్పై లేదు. జూన్ ముప్పై లేకపోతే పీహెచ్‌డీయే లేదు. పేపరు ఉంచితే? ఎవరికి తెలుస్తుంది? బొడ్డమ్మ మా జర్నలు చదవదు. చదివినవాళ్ళెవరూ చిలకపుట్టుగ రారు. నేనే ఆరేళ్ళు రాలేదు.

“బిందూ,” అన్నాను, “ఉన్నది ఉన్నట్టు సబ్మిట్ చేసెయ్. పట్టా చేతికొచ్చాక నిదానంగా సరిచేద్దాం.”

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది.

“పట్టికలో చిలకపుట్టుగ పక్కన ‘వడపోత అవసరం లేదు’ అని ఉంటాది సార్.”

కంగారులోనో కోపంలోనో తప్ప ఆమె నా ముందు ‘ఉంటాది’ అనదు.

“తరవాత మారుస్తాం కదా.”

“తరవాత ఎవులు చూస్తారు సార్? సంస్థ వాళ్ళు పట్టిక చూసి నాలుగూళ్ళలో బిగించి వెళ్ళిపోతారు. మళ్ళీ రారు. నేను పోనీ ఆ పన్నెండిళ్ళూ తీసేసి రాద్దామంటే, అప్పుడు ఆ ఊరు పట్టికలోనే ఉండదు. ఎలా రాసినా ఆ ఊరికి వడపోత లేనట్టే.” గ్లాసు పక్కకి నెట్టి అంది: “నాది పోతే పోనీండి సార్. ఇన్నాళ్ళు చేశాను, ఇంకో చోట ఇంకోటి చేసుకుంటాను.”

ఆ ‘పోనీండి’ వినడానికి చాలా తేలిగ్గా ఉంది. కానీ ఆమె టీ తాగలేదు. బాబుని నిద్రపుచ్చి, కాలేజీ పేపర్లు దిద్ది, ఆ తరవాత ల్యాబు అంకెలు ఎక్కించిన మనిషి ఆమె. పోయేది ఎవరిదో, పోనిమ్మంటున్నది ఎవరో ఇద్దరికీ తెలుసు. నా దగ్గర ఆ క్షణాన ఒక్క శ్లేష కూడా లేదు. వెతుక్కున్నాను కూడా.

సోమవారం పొద్దున పదికి సీతారత్నం గారి బల్ల ముందు కూర్చున్నాను.

“మూడో పొడిగింపు లేదండి సార్. మీకు తెలుసు కదా.”

“ఏ దారీ లేదా?”

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని రూళ్ళ పుస్తకం తిరగేశారు. చాలాసేపటికి ఒక పేజీ దగ్గర ఆగారు. “ఒకటుందండి. ఆలస్యం గైడు తప్పు వల్ల అయినాదని గైడే రాసిస్తే కమిటీ ఒక ఏడాది ఇవ్వొచ్చు. కాకపోతే ఆ గైడుకి రెండేళ్ళు కొత్త స్కాలర్లని ఇవ్వరు.”

“ఫారం ఇవ్వండి.”

“ఫారం...” ఆవిడ నావైపు వింతగా చూశారు. “ఎక్కడుందో వెతకాలండి. ఇంతవరకు ఎవులూ అడగలేదు.”

బీరువా అడుగున దొరికింది. పసుపు రంగుకి తిరిగిన కాగితం. మొదటి గడి: ‘తప్పు వివరములు’. మూడు చుక్కల గీతలు ఇచ్చారు. గైడు తప్పులు మూడు గీతల్లో పడతాయని ఎవరనుకున్నారో! నేను వెనక పేజీకి కూడా వెళ్ళాను. ఫీల్డుకి వెళ్ళలేదని, సాయం అడిగితే చమత్కారం పంపానని, పద్దెనిమిది నెలలు కదలని గీత చూసి అనుమానించాల్సింది పోయి ఆనందించానని రాశాను. ఆ మధ్యాహ్నమే జర్నలుకి మెయిలు పెట్టాను, పేపరు వెనక్కి తీసుకుంటున్నామని, కారణం ‘నమూనాల సేకరణలో లోపం’ అని. జీలకర్ర సంగతి రాయలేదు. ఆ మాత్రం అభిమానం నాకూ ఉంటుంది.

కమిటీ జూన్ ఇరవై నాలుగున కూర్చుంది. బిందుమాధవి బయట బెంచీ మీద కూర్చుంది. లోపల డీన్ గారు నా కాగితం రెండుసార్లు చదివారు.

“ఆరేళ్ళలో మీరు ఫీల్డుకి ఎన్నిసార్లు వెళ్ళారు?”

“ఒకసారి.”

“ఎప్పుడు?”

“మొన్న.”

ఒక సభ్యుడు దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. అరగంట తరవాత తీర్మానం చదివారు. వచ్చే జూన్ ముప్పై దాకా గడువు. చిలకపుట్టుగ నమూనాలు మొదటినుంచీ మళ్ళీ, రెండో పేపరూ మళ్ళీ. ప్రతి నమూనా సేకరణకీ గైడు స్వయంగా హాజరై సంతకం చెయ్యాలి. నాకు రెండేళ్ళు కొత్త స్కాలర్లు లేరు. ఢిల్లేశ్వరరావు ఉంటాడు.

బయటికొచ్చి చెబితే బిందుమాధవి థాంక్సు చెప్పలేదు. “మొదటి ఆదివారం ఆరింటికి బయల్దేరాలి సార్, ఎండెక్కితే పన్నెండిళ్ళూ అవ్వవు,” అంది. కళ్ళు తుడుచుకోవడం మాత్రం నేను అటు తిరిగాక చేసింది.

జూలై మొదటి ఆదివారం. బొడ్డమ్మ పెరట్లో మోటారు వేశారు. ఆవిడకి ఇంకా మనసు ఒప్పడం లేదు. సన్యాసమ్మ, మిగతా ఆడవాళ్ళు చుట్టూ చేరి, పెళ్ళివారికి చద్దన్నం పెడుతున్నట్టు మొహాలు పెట్టుకుని చూస్తున్నారు. బిందుమాధవి పెన్నులాంటి మీటరు తీసి ముందు క్యాను నీళ్ళలో ముంచింది. అరవై రెండు. తరవాత బోరు నీళ్ళలో. అంకె ఎక్కుతూ, ఎక్కుతూ, వెయ్యి దాటి, పదమూడు వందల నలభై దగ్గర నిలబడింది.

“ఎంతొచ్చినాది?” బొడ్డమ్మ అడిగింది.

చెప్పాను.

“ఎక్కువా, తక్కువా?”

“ఎక్కువమ్మా. తాగే నీళ్ళకి అయిదు వందల లోపు ఉంటే మంచిది.”

ఆవిడ ఆ అంకె వైపు కాసేపు చూసింది. తరవాత నా వైపు.

“ఇన్ని నెలలు బాటిల్లిచ్చినాం. ఒక్క నెలైనా ఇలాగ అంకె సెప్పినారేటి బాబూ?”

“పుస్తకం అయ్యాక అన్నీ చెబుదామని...”

“అప్పుడే సెప్పుంటే అప్పుడే అడుగుదును కదా, మా క్యాను నీలకి అంకెలెందుకు రాసుకుంటన్నారని!”

బిందుమాధవి నోటుబుక్కు తీసి, ఒక కాగితం చింపి, మీద ‘బొడ్డమ్మ గారి బోరు’ అని రాసి, కింద తారీకు, అంకె వేసి ఆవిడ చేతికిచ్చింది. బొడ్డమ్మ దాన్ని మడిచి రొంటిన దోపుకుంది. అది చూసి సన్యాసమ్మ, “మరి నాదో?” అంటూ మోటారు వెయ్యడానికి పరుగెత్తింది. ఆవిడ వెనకే తక్కినవాళ్ళూ ఎవరింటికి వాళ్ళు కదిలారు. చూస్తూండగా నాలుగు పెరళ్ళలో మోటార్ల చప్పుడు మొదలైంది.

“ఒక్కొక్కరే, ఒక్కొక్కరే!” అని అరుస్తూ నేను మొదటి బాటిలు తీసి, బోరు గొట్టం కింద పట్టి, మూత బిగించబోయాను.

“సార్!” బిందుమాధవి చెయ్యి అడ్డం పెట్టింది. “అదే నీళ్ళతో మూడుసార్లు తొలిపి, అప్పుడు నింపాలి.”

“తొలిపాను కదమ్మా.”

“రెండుసార్లే తొలిపారు. నేను చూస్తూనే ఉన్నాను.”

“రెండుకీ మూడుకీ ఏం తేడా తల్లీ?”

“పారబొయ్యండి సార్.”

పారబోశాను. నడుం పట్టుకుని మళ్ళీ వంగాను.